ఇంట్లోవాళ్లకు కంప్యూటర్ ఎంచిపెట్టేవాళ్ల కోసం: మొదటి ప్రశ్న నుంచి రాత్రి పూట వచ్చే ఫోన్లదాకా

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీట్లు ఖరారయ్యే రోజుల్లో, కంప్యూటర్ గురించి కాస్తోకూస్తో తెలిసినవాళ్లందరికీ ఫోన్లు మొదలవుతాయి. "అమ్మాయికి సీఎస్‌ఈ వచ్చింది, మంచి లాప్‌టాప్ ఒకటి చెప్పు నాన్నా." దసరా, దీపావళి ఆఫర్లప్పుడు ఇంకో విడత. నవంబరులో పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్లు మొదలయ్యేసరికి పెద్దవాళ్ల వంతు. మనం చెప్పింది వదిలేసి షాపులో చూపించింది కొనుక్కుంటారు, అది మొరాయించగానే మళ్లీ మనకే ఫోన్ చేస్తారు. ఎవరికైనా విసుగొస్తుంది.

ఆ విసుగులో పెద్ద వాటా కొనకముందే తప్పించుకోవచ్చు. వాడబోయే మనిషి మన సాయం లేకుండా నెట్టుకురాగలిగిందే మంచి కంప్యూటర్. ర్యామ్, ప్రాసెసర్, స్క్రీన్, చివరికి ప్లగ్గుకున్న మూడో పిన్నుదాకా అన్నీ ఆ లెక్కలోనే చూడాలి. కింద రాసిందంతా ఆ వరసలోనే ఉంటుంది.

1. మోడల్ పేరు చెప్పేముందు ప్రశ్నలు

"ఎంతలో కావాలి?" అని మొదలుపెట్టకండి. ఆ అంకె నోట్లోంచి వచ్చాక మాటలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. "ఏం పనికి?" అన్నా లాభం లేదు, "అన్నిటికీ" అంటారు. నేనడిగేది ఒకటుంది.

"బాబాయ్, ఇప్పుడు ఫోన్లో చేయలేకపోతున్నదేంటి?"

"అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలు నేనేగా రాసేది. ఆ ఎక్సెల్ షీటు ఫోన్లో ఏం కనబడుతుందిరా? ఒక కాలమ్ చూస్తే ఇంకోటి మాయం. పైగా ప్రతి నెలా ప్రింటు తీసి నోటీసు బోర్డుకి అంటించాలి."

ఈ ఒక్క జవాబుతో సగం పని అయిపోయింది. ఆయనకు కావాల్సింది పెద్ద తెర, విడిగా కీబోర్డూ మౌసూ, ఒక ప్రింటరు. ప్రాసెసర్ మామూలుది చాలు. షాపుకి ఒంటరిగా వెళ్లుంటే 14 అంగుళాల సన్నటి లాప్‌టాప్ చేతిలో పెట్టేవాళ్లు, ఆ షీటు అందులోనూ కనబడేది కాదు.

తర్వాతవి చిన్న ప్రశ్నలు. ఎక్కడ కూర్చుని వాడతారు, టేబుల్ ఉందా, మంచం మీదా? ఊళ్లో కరెంటు ఎలా ఉంటుంది? దగ్గర్లో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఏ పట్నంలో ఉంది? ఇంకెవరు వాడతారు? తెలుగులో టైపు చేస్తారా? పాత పరికరాలు, పాత సాఫ్ట్‌వేర్లు ఏమైనా ఉన్నాయా? చివరిది మాత్రం గట్టిగా అడగండి. డిజిటల్ సంతకం పెట్టే యూఎస్‌బీ టోకెన్, వేలిముద్ర యంత్రం, ట్యాలీ లెక్కల సాఫ్ట్‌వేరు, డీటీపీ (అచ్చుకు పేజీలు కూర్చే పని) చేసేవాళ్లయితే అను ఫాంట్లతో పేజ్‌మేకర్ ఫైళ్లు... ఇవి ఉన్నవాళ్లకు విండోస్ తప్ప ఇంకోటి చెబితే మర్నాడే ఇబ్బంది మొదలవుతుంది.

కొన్నిసార్లు ఈ ప్రశ్నలయ్యాక కంప్యూటరే అక్కర్లేదని తేలుతుంది. పెద్దమ్మకు కావాల్సింది లైఫ్ సర్టిఫికెట్ ఒక్కటే అయితే, జీవన్ ప్రమాణ్ ఇప్పుడు ఫోన్లోనే ముఖం చూపించి పూర్తి చేయొచ్చు. మనవళ్లతో వీడియో కాల్ కోసమైతే పది అంగుళాల ట్యాబ్ చాలు. ఆ మాట నిర్మొహమాటంగా చెప్పండి, డబ్బు మిగిల్చినవాళ్లవుతారు.

2. కొత్తది కొనేముందు పాతదాన్ని చూడండి

"సిస్టమ్ బాగా స్లో అయిపోయింది" అన్నారంటే ముందు టాస్క్ మేనేజర్ (విండోస్‌లో ఏ భాగం ఎంత పనిలో ఉందో చూపించే తెర) తెరిపించండి. ఏమీ తెరవకుండానే డిస్క్ దగ్గర 100 శాతం అని ఎర్రగా కనబడుతుంటే, ప్రాసెసర్‌కి ఏ జబ్బూ లేదు. లోపలున్నది పాత తరహా తిరిగే హార్డ్‌డిస్క్. అందులో పళ్లెం తిరగాలి, దాని మీద ముల్లు కదలాలి, ఒక్కో ముక్కను వెతికి చదవడానికి పది మిల్లీసెకన్ల పైచిలుకు పడుతుంది. విండోస్ మొదలవడానికి వేలకొద్దీ చిన్న ఫైళ్లు చదవాలి. కిరాణా కొట్లో సరుకంతా ఉండి, అందించడానికి కుర్రాడొక్కడే ఉన్నట్టు. చిప్పుల్లో దాచుకునే కొత్త తరహా డిస్క్, ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు కాబట్టి అదే పని మిల్లీసెకన్‌లో పదో వంతుకో అంతకంటే తక్కువకో అయిపోతుంది.

2015-19 మధ్య కొన్న లాప్‌టాప్‌లు చాలావాటిలో 1 టీబీ హార్డ్‌డిస్కూ 4 జీబీ ర్యామూ ఉండేవి. డిస్క్ తీసి అదే జాగాలో పట్టే రెండున్నర అంగుళాల సాటా రకం ఎస్‌ఎస్‌డీ పెట్టి, ర్యామ్ 8 జీబీ చేస్తే, వాడేవాళ్లు కొత్తదనే అనుకుంటారు. పాత డిస్క్‌ని పారేయకండి, కేసింగ్‌లో పెట్టి ఫొటోల బ్యాకప్‌కి ఇవ్వండి.

ఒక అడ్డంకి ఉంది. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ప్రాసెసర్ ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం, ఏఎమ్‌డీలో రైజెన్ 2000 శ్రేణి, లేదా ఆ తర్వాతివై ఉండాలి. అంతకంటే పాతవాటిలో దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించే పద్ధతులున్నాయి. మీ సొంత మెషీన్లో ఏమైనా చేసుకోండి. ఇంకొకరి మెషీన్లో అది పెట్టి ఊరెళ్లిపోతే, ఒక పెద్ద అప్‌డేట్ రాకుండా ఆగిన రోజున వాళ్లేం చేస్తారు? బ్రౌజరు, మెయిలు, వీడియోలు మాత్రమే చూసే ఇంట్లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ పెట్టండి, హాయిగా నడుస్తుంది. ట్యాలీ, టోకెన్ల వాళ్లకు మాత్రం మెషీను మార్చక తప్పదు.

ఇంకో రెండు చిన్న జబ్బులు. "ఇంటర్నెట్ వస్తోంది కానీ ఏ వెబ్‌సైటూ తెరుచుకోవట్లేదు, సురక్షితం కాదంటోంది" అంటే కింద మూల తేదీ చూడమనండి. 2012 అనో 2009 అనో ఉంటుంది. మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయిపోయి గడియారం వెనక్కి వెళ్లింది. తేదీ తప్పయితే సైట్ల భద్రతా పత్రాలు చెల్లవని బ్రౌజరు అనుకుంటుంది. వాచీలు బాగుచేసే కొట్లో కూడా ఆ బిళ్ల దొరుకుతుంది. రెండోది, డెస్క్‌టాప్ ఆన్ చేస్తే బీప్ బీప్‌మని అరిచి తెర నల్లగానే ఉండటం. స్విచ్ కట్టేసి, తీగ పీకి, ర్యామ్ కర్రను బయటికి తీసి, దాని పసుపు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి ఊదేసి, రెండు పక్కలా క్లిప్పులు టక్‌మనేదాకా నొక్కితే చాలాసార్లు లేచి కూర్చుంటుంది.

3. కొత్తదే కొనాలంటే

"ఐ5 ఉందా?" అందరూ అడిగేది ఇదే. ఆ అక్షరం వెనకున్న అంకెలు చూడకపోతే దానికి అర్థం లేదు. 2015 నాటి ఐ5-5200యూలో రెండే కోర్లు, అంటే పనిచేసే చేతులు రెండే. 2022లో వచ్చిన ఐ3-1215యూలో ఆరు. పేరులో చిన్నదే, పనిలో చాలా ముందుంది. ఏఎమ్‌డీ వైపు 7000 శ్రేణిలో ఇంకో తిరకాసు: రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ కవల పిల్లల్లా కనిపిస్తాయి. మొదటిది పాత జెన్ 2 నిర్మాణం, నాలుగు కోర్లు. రెండోది జెన్ 3, ఆరు కోర్లు. ఆ శ్రేణిలో మూడో అంకె నిర్మాణం ఏ తరానిదో చెబుతుంది. షాపులో "సార్, రెండూ రైజెన్ ఫైవే" అంటారు. మీరు అంకె పూర్తిగా చదివి వినిపించమనండి.

సెలెరాన్ రెండు కోర్ల లాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎమ్ఎమ్‌సీ (ఫోన్లలో ఉండే తరహా చౌక) నిల్వ ఉన్నవి ఆఫర్లలో చౌకగా కనిపిస్తాయి. ఎవరికీ కొనిపెట్టకండి. ఈఎమ్ఎమ్‌సీ బోర్డుకే అతికి ఉంటుంది, పెంచలేం. విండోస్ పెద్ద అప్‌డేట్ ఒకటి రాగానే జాగా చాలదు. పాపం, ఆ డబ్బు కూడబెట్టుకుని కొన్నది ఏ అంగన్‌వాడీ టీచరో, కొత్తగా చేరిన సేల్స్ కుర్రాడో అయివుంటారు. చేతిలో డబ్బు అంతే ఉంటే సెకండ్‌హ్యాండ్‌లో మంచి వ్యాపార లాప్‌టాప్ నయం. దాని గురించి కింద రాశాను.

ఇంటి వాడకానికి నేను చెప్పే కొలత: 8 జీబీ ర్యామ్ కనీసం, 16 ఉంటే ఏళ్ల తరబడి నిశ్చింత. 512 జీబీ ఎన్‌వీఎమ్ఈ (సాటా కంటే వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీ. 1920 బై 1080 ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగులు మారని రకం) తెర. ఈ చివరిదాన్ని జనం పట్టించుకోరు, పెద్దవాళ్లకు అన్నిటికంటే ముఖ్యం ఇదే. చౌక టీఎన్ తెర కాస్త వంచితే రంగులు తిరగబడతాయి, తెల్లటి పేజీ బూడిదరంగులోకి పోతుంది. కంట్లో శుక్లాల ఆపరేషనైన మావయ్యకు ఆ తెర కొనిచ్చి "ఐ7" అంటే ఏం లాభం? కొన్ని మోడళ్లలో ర్యామ్ మొత్తం బోర్డుకి అతికేసి ఉంటుంది, తర్వాత వేసుకోవడానికి ఖాళీ స్లాట్ ఉందో లేదో అడగండి. 2025 చివరి నెలల నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి, "ఇప్పుడు 8 తీసుకుని తర్వాత వేయిద్దాం" అనే పాత సలహా ఇప్పుడు ఖరీదైన సలహా.

బీటెక్ పిల్లల సంగతి వేరు. సీఎస్‌ఈ వాళ్లకు ఆండ్రాయిడ్ ఎమ్యులేటరో (కంప్యూటర్లోనే నడిచే ఉత్తుత్తి ఫోన్), ప్రోగ్రాముల్ని విడివిడిగా నడిపే డాకర్ కంటైనర్లు రెండు మూడో నడిపితే 16 జీబీ ర్యామ్ చాలీచాలనట్టు ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డు అవసరం పెద్దగా ఉండదు. మెకానికల్ వాళ్లు సాలిడ్‌వర్క్స్ డిజైన్ సాఫ్ట్‌వేరు వాడాలి, అది మ్యాక్‌లో నడిచేది కాదు. ఈసీఈ వాళ్ల వివాడో లాంటి చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్లు పదుల జీబీలు మింగేస్తాయి, డిస్క్ పెద్దది కావాలి. గేమింగ్ లాప్‌టాప్ అడిగే పిల్లలకు ఒకటే చెప్పండి: మెషీను రెండున్నర కిలోల దాకా, చార్జరు ఇటుకంత, బ్యాటరీ మీద ఒక పూట క్లాసులు గడవడం కష్టం. హాస్టల్ నాలుగో అంతస్తు నుంచి ల్యాబ్‌కి రోజూ మోయాల్సింది తనే. అదంతా తెలిసి కూడా కావాలంటే కొనివ్వండి, ఆ వయసు ముచ్చట అది.

వారంటీ చదివేటప్పుడు 'ఆన్‌సైట్' (ఇంటికొచ్చి బాగుచేయడం) అనే మాట వెతకండి. అది లేకపోతే పాడైన ప్రతిసారీ వాళ్లు పట్నానికి బస్సెక్కాలి. చిన్న ఊళ్లవాళ్లకు నేను వందో ఇన్నూరో మెగాహెర్ట్జ్ తేడా చూడను, ఇది చూస్తాను.

4. సెకండ్‌హ్యాండ్ కొట్లో కౌంటరు ముందు

హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ఐటీ కంపెనీలు లీజు తీరాక వేలకొద్దీ లాప్‌టాప్‌లు వదిలేస్తాయి. అవే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల కొట్లలోకి, బెంగళూరు ఎస్‌పీ రోడ్డులోకి, చెన్నై రిచీ స్ట్రీట్‌లోకి వస్తాయి. లెనోవో థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 7490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5 – మూడూ 2018 నాటివి, వాటిలో 8వ తరం ప్రాసెసర్ ఉన్నవి విండోస్ 11కి అర్హమైనవి. అడుగు విప్పితే ర్యామూ ఎస్‌ఎస్‌డీ మార్చుకోవచ్చు. కీబోర్డులు రోజంతా టైపు చేసేవాళ్ల కోసం చేసినవి. కొత్త చౌక లాప్‌టాప్ కంటే వీటినే నేను ఇష్టంగా చెబుతాను.

కానీ అక్కడ నిలబడి తనిఖీ చేయాలి. ముందు మూత తెరిచి మూసి చూడండి, మూత తిరిగే కీలు (హింజ్) దగ్గర టక్‌మని శబ్దం వస్తే వదిలేయండి. ఆన్ చేస్తూనే బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగితే అది పాత కంపెనీ వేసిన తాళం, "తర్వాత తీసిస్తాం సార్" అన్నా తీసుకోవద్దు. నోట్‌ప్యాడ్ తెరిచి కీబోర్డులో ప్రతి మీటా నొక్కండి, స్పేస్‌బార్‌ను రెండు చివర్లా నొక్కండి. తెల్లటి పేజీని తెరంతా పరిచి మచ్చలు, పసుపు నీడలు వెతకండి. పెన్‌డ్రైవ్ ఒకటి జేబులో తీసుకెళ్లి ప్రతి పోర్టులోనూ పెట్టండి. విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీయించి, తయారైనప్పటి సామర్థ్యం ఎంత, ఇప్పుడు పూర్తిగా ఎక్కేది ఎంత అని పక్కపక్కన చూడండి. సగానికి పడిపోయి ఉంటే బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి దానితో ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం చూడండి. ఒక వీడియో పెట్టి, టీ తాగొచ్చి, అడుగున చేయి పెట్టి చూడండి. ఫ్యాన్ అరుపూ వేడీ అప్పుడు తెలుస్తాయి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, ఎన్ని నెలల గ్యారంటీ అన్నది నోటి మాటగా కాక కాగితం మీద ఉండాలి.

5. డెస్క్‌టాప్ అయితే కరెంటు సంగతి ముందు

"సీపీయూ ముట్టుకుంటే జివ్వుమంటోంది." ఇది మన ఇళ్లలో ఎంత మామూలంటే జనం చెప్పులేసుకుని కంప్యూటర్ ముందు కూర్చోవడం అలవాటు చేసుకున్నారు. కారణం ఇదీ. కంప్యూటర్‌కి కరెంటు అందించే ఎస్‌ఎమ్‌పీఎస్ లోపల కరెంటులో రొదను వడగట్టే చిన్న కెపాసిటర్లు ఫేజుకీ న్యూట్రలుకీ రెంటికీ ఇనప డబ్బాకీ మధ్య ఉంటాయి. ఎర్త్ సరిగ్గా ఉంటే ఆ కాస్త కరెంటూ భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే 230 వోల్టుల్లో దాదాపు సగం ఆ డబ్బా మీద తేలుతూ ఉంటుంది. ప్రవాహం చాలా తక్కువ కాబట్టి చిన్న జలదరింపుతో సరిపోతుంది. కానీ ఆ స్థితిలో హెచ్‌డీఎమ్ఐ తీగతో టీవీ తగిలిస్తే పోర్టులు కాలిపోవచ్చు, పైగా లోపల నిజంగా ఎక్కడైనా తీగ తెగితే కాపాడేది ఏదీ ఉండదు.

కాబట్టి ముందు ప్లగ్గు చూడండి. లావు పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్లో పెట్టారా? ఎక్స్‌టెన్షన్ బోర్డులో మూడో రంధ్రానికి అసలు తీగ ఉందా? ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఎర్త్ గుంత దగ్గర్నుంచి చూపించండి. మోనిటర్ సైజు మీద గంటసేపు చర్చ జరిగే ఇంట్లో దీని మీద ఐదు నిమిషాలు పెట్టరు. మీరు పట్టుబట్టండి.

రెండోది ఎస్‌ఎమ్‌పీఎస్. "450 వాట్లు" అని స్టిక్కరేసి వచ్చే ఊరూపేరూ లేని డబ్బాలు అంత ఇవ్వలేవు, పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోతాయి. పేరున్న కంపెనీది, 80 ప్లస్ గుర్తు (కరెంటు వృథా తక్కువని ఇచ్చే ముద్ర) ఉన్నది వేయించండి. మూడోది యూపీఎస్. 600 వీఏ అంటే సుమారు 360 వాట్లు. మామూలు ఆఫీసు డెస్క్‌టాప్‌కీ మోనిటర్‌కీ చాలు, కరెంటు పోయాక పని సేవ్ చేసుకుని కట్టేసేంత వ్యవధి ఇస్తుంది. లోపల 12 వోల్టుల 7 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ రెండు మూడేళ్లే నిలుస్తుంది. "యూపీఎస్ పాడైంది" అంటే మొత్తం పారేయనివ్వకండి, బ్యాటరీ మార్పించండి. లేజర్ ప్రింటరును దానికి తగిలించొద్దు, వేడెక్కేటప్పుడు అది ఒక్కసారిగా లాగే కరెంటుకి యూపీఎస్ తట్టుకోలేదు. లాప్‌టాప్ ఉన్న ఇంటికి యూపీఎస్ అక్కర్లేదు కానీ, వైఫై రౌటర్‌కి 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి పెట్టండి. కరెంటు పోగానే "నెట్ రావట్లేదు" అనే ఫోన్లు ఆగిపోతాయి.

6. ప్రింటరు

నెలకు నాలుగు కాగితాలకైతే వీధి చివర జిరాక్స్ సెంటరే మేలు. అప్పుడప్పుడూ నలుపు తెలుపు కాగితాలే అయితే లేజర్: నెలలు వాడకపోయినా టోనరు పొడి ఎండిపోదు. పిల్లల ప్రాజెక్టులకు రంగులు కావాలి, వారానికోసారైనా వాడతాం అంటే ఇంక్ ట్యాంక్. ఎప్పుడో ఒకసారి వాడేవాళ్లకు అది వద్దు, ముక్కు ఎండిపోయి గీతలు పడతాయి.

7. అప్పజెప్పే రోజు

అట్టపెట్టె తెరిచిన రోజు తొందరపడితే ఏడాదంతా దానికి జవాబు చెప్పుకోవాలి. సగం రోజు పెట్టుకుని వెళ్లండి, వాళ్లనే కుర్చీలో కూర్చోబెట్టండి, మీరు పక్కన ఉండండి.

మైక్రోసాఫ్ట్ ఖాతా వాళ్ల పేరు మీద, వాళ్ల సొంత ఫోన్ నంబరుతో తెరవండి. మీ ఖాతాతో కాదు, షాపు కుర్రాడి ఖాతాతో అసలే కాదు. ఎందుకంటే కొత్త విండోస్ 11 మెషీన్లలో డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే కీ లేనిదే చదవలేని రాతగా మారుతుంది. ఏ బయోస్ అప్‌డేట్ తర్వాతో హఠాత్తుగా నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఉండేది ఆ ఖాతాలోనే. ఖాతా ఎవరిదో తెలియకపోతే పెళ్లి ఫొటోలతో సహా అన్నీ పోయినట్టే. ఆ రోజే కీ ప్రింటు తీసి, పాస్‌వర్డులు రాసిన చిన్న పుస్తకంతో పాటు బీరువాలో పెట్టించండి. పుస్తకంలో రాయొద్దని పుస్తకాలు చెబుతాయి. బ్యాంకు పాస్‌వర్డ్, పిన్ను వదిలేసి మిగతావి రాసుకోమనే నేనంటాను, ఇంట్లో తాళం వేసిన బీరువా కంటే ఒకే పాస్‌వర్డ్‌ను అన్నిచోట్లా వాడటం ప్రమాదం.

మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్ డెస్క్‌టాప్‌ని, ఫొటోల్ని తనలోకి లాక్కుంటోందేమో చూడండి. ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే. నిండగానే "స్టోరేజ్ ఫుల్" హెచ్చరికలు, ఆ తర్వాత "నా ఫైళ్లు కనబడట్లేదు" అనే కంగారు. అక్కర్లేదనుకుంటే అక్కడే ఆపేయండి. ఫొటోలకు బయటి హార్డ్‌డిస్క్ ఒకటి ఇచ్చి, కాపీ చేయడం వాళ్ల చేత చేయించండి.

అక్షరాల సైజు 125 లేదా 150 శాతం. మౌస్ బాణం పెద్దది. టచ్‌ప్యాడ్‌తో తంటాలు పడనివ్వకుండా విడి మౌస్. తెలుగు కోసం ఎక్కడెక్కడివో డౌన్‌లోడ్ చేయక్కర్లేదు, విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. చూపించి, వాళ్ల పేరు వాళ్ల చేతే టైపు చేయించండి. ఆ పేరు తెర మీద తెలుగులో పడ్డప్పుడు వాళ్ల ముఖంలో భయం సగం పోతుంది, నేను చాలాసార్లు చూశాను.

రోజువారీ వాడకానికి అడ్మిన్ హక్కుల్లేని (సెట్టింగులు మార్చలేని) మామూలు ఖాతా ఇవ్వండి. బ్రౌజరులో ప్రకటనలు అడ్డుకునే ఎక్స్‌టెన్షన్ వేయండి. నోటిఫికేషన్లు పంపనా అని సైట్లు అడగకుండా, ఆ సెట్టింగును అన్నిటికీ ఆపేయండి. "నా కంప్యూటర్లో మూలన వైరస్ బొమ్మలు వస్తున్నాయి" అనేవాళ్లలో చాలామందికి వైరస్ ఉండదు, ఎక్కడో సైట్లో 'అలౌ' నొక్కి ఉంటారు. ఇక దొంగ విండోస్, దాన్ని యాక్టివేట్ చేసే క్రాక్ సాఫ్ట్‌వేరు మాత్రం ఎవరు బతిమాలినా వేయకండి. అది పనిచేయాలంటే ముందు యాంటీవైరస్ కట్టేయమంటుంది.

8. ఫోన్ వచ్చినప్పుడు

"ఏం నొక్కావు పిన్నీ?"

"నేనేం నొక్కలేదు నాన్నా, దానంతటదే వచ్చింది."

ఈ వాదనలోకి దిగకండి. ఆవిడ అబద్ధమాడట్లేదు. తప్పు చేశానేమో, పాడుచేశానేమో అన్న భయంలో నొక్కింది గుర్తుండదు. మీ గొంతులో విసుగు వినబడితే ఇంకోసారి చెప్పరు, దాచిపెడతారు. దాచిపెట్టడం మొదలైతే మోసగాడి ఫోన్ వచ్చిన రోజున కూడా చెప్పరు. నా విసుగును అణచుకోవడానికి నాకున్న అతి పెద్ద కారణం ఇదే.

"ఇప్పుడు తెర మీద ఏముంది, అక్షరం అక్షరం చదువు" అనండి. ఇంగ్లీషు రాకపోతే వాట్సాప్‌లో ఫొటో పంపమనండి, తెర మొత్తం పడేలా. ఆ ఫొటోలో చాలాసార్లు జవాబు దొరుకుతుంది. 'ఐకాన్', 'టాస్క్‌బార్' అనకుండా "కింద నల్ల పట్టీలో ఎడం వైపు నుంచి మూడో బొమ్మ" అనండి. ఒక్క అడుగు చెప్పి, అయిందని వాళ్లన్నాకే రెండోది.

వాళ్ల తెరను మనమే చూడక తప్పకపోతే విండోస్‌లోనే ఉన్న క్విక్ అసిస్ట్ వాడండి. కంట్రోల్, విండోస్, క్యూ మీటలు కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. మీ వైపు మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే ఒక కోడ్ వస్తుంది, అది వాళ్లకు చెప్పి ఎంటర్ చేయించాలి. చేసేటప్పుడే ఒక కట్టుబాటు చెప్పండి: "నువ్వు నాకు ఫోన్ చేసి, నా గొంతు గుర్తుపట్టాకే ఇది. బ్యాంకు అనీ, మైక్రోసాఫ్ట్ అనీ, పోలీసులనీ ఎవరు వాళ్లంతట వాళ్లు ఫోన్ చేసి కోడ్ అడిగినా, ఎనీడెస్క్ (దూరం నుంచి మన తెరను నడిపే యాప్) వేసుకోమన్నా ఫోన్ పెట్టేయ్." తెరంతా ఎర్రగా నిండి, అరుస్తూ, ఫలానా నంబరుకి ఫోన్ చేయమనే పేజీ వస్తే ఏం చేయాలో ముందే చేయించి చూపించండి: పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోవడం. ఏమీ పాడవదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలో సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి, ఆ అంకెను మోనిటర్ అంచుకి అంటించండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

వేళలు కూడా చెప్పండి. "ఆదివారం పొద్దున్న నీకోసం కూర్చుంటా అత్తయ్యా, మధ్యలో వచ్చినవి కాగితం మీద రాసి పెట్టు." ఇది కఠినం కాదు. రాసి పెట్టుకున్నవాటిలో చాలామటుకు ఆదివారంలోపు వాళ్లే తేల్చుకుంటారు. నిజంగా తొందరదైతే, అంటే డబ్బు, తెర మీద బెదిరింపు, కాలిన వాసన, ఏ వేళలోనైనా చేయమనండి.

9. ఊళ్లో మెకానిక్‌కి ఇచ్చేటప్పుడు

దూరంగా ఉంటే కొన్ని పనులు మన చేతుల్లో ఉండవు. ఊళ్లో ఒక మంచి మెకానిక్‌ని కనిపెట్టి పెట్టుకోవడం, అతనితో ఒకసారి నేరుగా మాట్లాడటం మీ పనిలో భాగమే. చాలాచోట్ల ఏ జబ్బుకైనా మందు ఒకటే: "విండోస్ కొట్టేద్దాం సార్." ఫార్మాట్ చేస్తే సమస్య పోతుంది, ఆవిడ దాచుకున్న మనవడి బారసాల ఫొటోలూ పోతాయి. కాబట్టి మెషీను ఇచ్చేముందు ఒక చీటీ రాసి మూత మీద అంటించమనండి: డేటా ముఖ్యం, అడగకుండా ఫార్మాట్ చేయొద్దు; మార్చిన పాత భాగం తిరిగివ్వాలి; ఫలానా నంబరుకి ఫోన్ చేశాకే పని మొదలుపెట్టాలి. ఆ నంబరు మీది. ఇచ్చేముందు లోపల ఎన్ని జీబీల ర్యామ్ ఉంది, ఎస్‌ఎస్‌డీ ఏ కంపెనీది, సీరియల్ నంబరేంటి – తెర ఫొటో ఒకటి తీసి మీ దగ్గరుంచుకోండి. తిరిగొచ్చాక అదే తెర మళ్లీ తెరిపించి, రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాకే డబ్బు ఇప్పించండి.